రండి అన్న పాపానికి

ఫిబ్రవరి 3, సోమవారం

మళ్లీ డైరీ తీశాను. ఆన్‌లైన్‌లో రాస్తే అందరూ చదువుతారు, అందులో సగం మందికి నేను అడ్మిన్‌ని. అడ్మిన్ అయినవాళ్లు నలుగురి ముందూ అరవకూడదట. మరి అరవడానికి నాకూ ఒక చోటు కావాలిగా.

నేను నడిపే మా చిన్న తెలుగు సైటు పిచ్చాపాటికి పిచ్చెక్కింది. ఆ పెద్ద కంపెనీ సైటువాళ్లు పోయిన వారం రూల్స్ ఏవో మార్చారు, జనానికి ఒళ్లు మండింది, మూటాముల్లె సర్దుకుని వచ్చి మా మీద పడ్డారు. నిన్నటిదాకా మేం నాలుగు వందల మందిమి. ఉప్మా మంచిదా కాదా, పిల్లల తెలుగు, గ్రీన్‌కార్డు, మోకాళ్ల నొప్పులు, ఇవే మా కబుర్లు. ఇప్పుడు నాలుగు వేలు దాటారు, ఇంకా వస్తూనే ఉన్నారు.

సర్వర్ మా బేస్‌మెంట్‌లో వాషింగ్ మెషీన్ పక్కన ఉంటుంది. మా ఆయన గౌరీశంకర్ పనిచేసేది రోడ్డుకి అవతల ఉన్న డేటా సెంటర్‌లో. "ఊరంతా డేటా సెంటర్లే ఉన్న ఆష్‌బర్న్‌లో ఉండి ఇంట్లో సర్వర్ పెట్టుకున్నది నువ్వొక్కదానివే ఆండాళూ. చేపల మార్కెట్ ముందు కూర్చుని గాలం వేసినట్టుంది" అన్నాడు పొద్దున లాండ్రీ బుట్ట తీసుకెళ్తూ. నవ్వుకోనీ. ఆ గాలం నాది.

అట్లాంటా దగ్గర కమ్మింగ్ నుంచి డాక్టర్ లక్ష్మీకాంతం గారు ఫోన్ చేసి, ఇంత జనం వస్తే మన సైటు ఓనర్ ఎవరు తట్టుకుంటారమ్మా అని అడిగారు. ఎనభై దాటినాయన, మా మొదటి మెంబర్, అయినా ఇప్పటికీ ఓనర్ అనే అంటారు. "ఓనర్ ఎవరూ లేరు డాక్టరుగారూ. ఒక్కో సర్వర్ ఒక్కో ఇల్లు. ఎవరి ఇల్లు వాళ్లది, వీధి మాత్రం అందరిదీ. మీరు మన ఇంట్లో మాట్లాడితే వేరే ఇళ్లల్లోనూ వినబడుతుంది. నచ్చకపోతే వాళ్లు తలుపేసుకుంటారు, అంతే" అని చెప్పాను. "మనకెవరు తలుపేస్తారులే" అన్నారు.

వచ్చిన ప్రతి మనిషికీ నేను మొదటి రోజు రాసిపెట్టిన పలకరింపే వెళుతోంది. రండి. ఒకసారి తెలుగు అక్షరాల్లో, ఒకసారి ఇంగ్లీషు అక్షరాల్లో. మన పిల్లలు తెలుగు చదవలేరుగా, వాళ్ల కోసం.

ఫిబ్రవరి 5, బుధవారం

పోస్టులు బయటి ఇళ్లకి వెళ్లడానికి క్యూ కడుతున్నాయి. మంచు పడితే రేపు స్కూలుందా అని ఒకావిడ నిన్న అడిగింది. ఇవాళ స్కూలు వదిలాక జవాబులొచ్చాయి.

డాక్టరుగారిదైతే మరీ ఘోరం. ఆయనా, ఆయన గుంటూరు మెడికల్ కాలేజీ క్లాస్‌మేట్ సూర్యప్రకాశ్ గారూ పెసరట్టులో అల్లం పిండిలో రుబ్బాలా, పైన చల్లాలా అని రెండు నెలల నుంచి కొట్టుకుంటున్నారు. సూర్యప్రకాశ్ గారుండేది హార్బర్ అనే పెద్ద సర్వర్‌లో. డాక్టరుగారి మొదటి పాయింటు మా క్యూలో ఇరుక్కుంది, రెండోది ముందే చేరిపోయింది. "నేనేమన్నానని తిడుతున్నావురా?" అని సూర్యప్రకాశ్ గారు పాపం నిజంగానే నొచ్చుకున్నారు.

ఫిబ్రవరి 6, గురువారం

క్యూ తగ్గింది. అంతా కంట్రోల్‌లోనే ఉంది.

ఫిబ్రవరి 7, శుక్రవారం

లేదు.

ఫిబ్రవరి 8, శనివారం

మృదుల ఫోన్ చేసింది. డాక్టరుగారి అమ్మాయి, కమ్మింగ్‌లో హాస్పిటల్ కంప్యూటర్లన్నీ చూసేది తనే. "ఆండాళక్కా, అడ్మిన్ పాస్‌వర్డ్ ఇంకొకళ్ల దగ్గర కూడా ఉండాలక్కా. మీకు ఫీవర్ వస్తే నాలుగు వేలమంది ఏం చేస్తారు? సగం మందిని నేను ఇక్కడ సెటప్ చేసుకుంటాను, ఇవ్వండి" అంది. అవసరమైతే చెప్తాలేవే అన్నాను.

అవసరమేం లేదు. నాలుగేళ్లు ఒక్కదాన్నే నడిపాను. నాకు తెలియని మూల లేదు దాన్లో.

డిస్క్ నిండిపోతోంది. కొత్తవాళ్లు చేరకుండా ఆపాను. తాత్కాలికంగా.

ఫిబ్రవరి 10, సోమవారం

హార్బర్ మమ్మల్ని బ్లాక్ చేసింది.

ఒక మనిషిని కాదు, మొత్తం ఇంటిని. ఈ వీధిలో సగం జనం ఉండేది హార్బర్‌లోనే. వాళ్లు తలుపేస్తే మేం గోడలకి చెప్పుకోవాలి. కారణం ఒక్క లైను: స్త్రీలను కించపరిచే బూతు మాటను సామూహికంగా పంపుతున్నారు.

పిచ్చాపాటిలో బూతా! డాక్టరుగారు వెధవ అని రాస్తేనే తీయించే దాన్ని నేను. పొద్దున్నుంచీ పోస్టులన్నీ గాలించాను, ఒక్కటి దొరకలేదు. చివరికి లంచ్‌కి వచ్చిన శంకర్ నా భుజం మీంచి చూసి పకపకా నవ్వాడు. తర్వాత నవ్వాపేశాడు.

"ఆండాళూ, నీ పలకరింపు ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నది చదువు. తెలుగుదానిలా కాదు, హిందీవాళ్లలా చదువు."

చదివాను. రామ రామ. ఢిల్లీలో చదువుకున్నవాడు కాబట్టి వాడికి తట్టింది. నాలుగు వందల మంది ఉన్నన్నాళ్లు వారానికి ఒకరిద్దరికి వెళ్లేది, ఎవరి కంటా పడలేదు. వారంలో వేలమందికి పేరు పెట్టి మరీ వెళ్లేసరికి వాళ్ల ఫిల్టర్ గంట కొట్టింది. కొత్తగా చేరిన ప్రతి మనిషినీ నేను ఆ మాట అన్నానట.

నా మొహం మండిపోయింది. సిగ్గుతో కాదు. గిట్టనివాడు గడప తొక్కినా ముందు రండి అన్నాకే కదా తక్కిన సంగతి మాట్లాడతాం? దానికా ఈ పేరు?

ఫిబ్రవరి 11, మంగళవారం

రెడ్‌మండ్ నుంచి దివాకర్ ఫోన్. పిచ్చాపాటి మొదలుపెట్టింది మేమిద్దరమే. ఆ తర్వాత ఆయన పిల్లలూ సాకర్ ప్రాక్టీసూ అంటూ సలహాలకి పరిమితమయ్యాడు.

"ఒక్క వర్డ్ కోసం ఇంత లొల్లి ఎందుకండీ ఆండాళ్ గారూ. వెల్కమ్ అని పెట్టేద్దాం, అప్పీల్ చేద్దాం, రెండ్రోజుల్లో క్లియర్ అయితది."

"పెట్టను."

"అట్లంటే ఎట్ల? పోనీ అందరం హార్బర్‌కే పోదాం. వాళ్లకు టీమ్ ఉంది, స్కేల్ ఉంది. మీరు ఒక్కరే బేస్‌మెంట్‌లో ఎన్ని రోజులు గుంజుతరు? ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టుంది మీ పని."

"అవును, ఉలిపికట్టెనే. ఇవాళ రండి బూతంటే తీసేస్తాం. రేపు ఇంకో భాషవాడికి కూర్చోండి బూతవుతుంది, నిలబడి మాట్లాడదామా? మన భాషలో ఏ మాట మిగలాలో ఫిల్టర్ చెబుతుందా?"

ఆయనకి కోపం రాదు. అదే నాకు కోపం. మెత్తగా అన్నాడు: "ఈ నెలాఖరు దాకా చూస్త. అప్పటికీ తలుపు తెరుచుకోకపోతే నేను హార్బర్‌కు పోత. నాతోని వచ్చేటోళ్లు వస్తరు."

వచ్చేవాళ్లు చాలామందే వస్తారు. అది ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. అంటే పిచ్చాపాటికి ఈ నెలాఖరే గడువు. సరే, పోనీ, పోతే పోనీ. మాట మాత్రం మార్చను.

ఫిబ్రవరి 12, బుధవారం

ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నాడట వెనకటికొకడు. హార్బర్ ఎవర్ని బ్లాక్ చేస్తే వాళ్లని చదవకుండా కాపీ కొట్టి బ్లాక్ చేసే ఇళ్లున్నాయి. ఒకటీ రెండూ కాదు. పొద్దున జర్మనీ, మధ్యాహ్నం బ్రెజిల్. బ్రెజిల్‌వాడికి హిందీ వచ్చా? తెలుగు వచ్చా? ఏదీ రాదు, కానీ నేను బూతులు తిడతానని మాత్రం వచ్చు.

మా పెళ్లప్పుడు ఆండాళ్ ఏమిటి, గౌరీశంకర్ ఏమిటని రెండు వైపులా బ్లాక్ చేశారు. అప్పుడే భయపడలేదు, ఇదో లెక్కా.

ఫిబ్రవరి 13, గురువారం

మార్చను.

ఫిబ్రవరి 14, శుక్రవారం

డాక్టరుగారు మహా హుషారుగా ఫోన్ చేశారు. "వాడు నోరు మూసుకున్నాడమ్మా! అల్లం పిండిలోనే రుబ్బాలని రుజువు చేశా. నాలుగు రోజులైంది, ఉలుకూ లేదు పలుకూ లేదు."

చెప్పక తప్పలేదు. మీరు రాసింది ఆయనకి చేరడం లేదు, ఆయన రాసింది మీకు రావడం లేదు అన్నాను.

"వాడికి చెవులు పూర్తిగా పోయాయమ్మా. ఫోన్‌లో మాట్లాడలేడు. రాసుకుంటేనే మాకు."

"ఆ రండి అన్న మాట తీసేస్తే తెరుస్తారేమో డాక్టరుగారూ" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. వద్దమ్మా, మన మాట మనం ఎందుకు వదులుకోవాలి అంటారనుకున్నాను. ఆయన పాతకాలం మనిషి, తెలుగంటే పడిచస్తారు.

"తీసెయ్యమ్మా, దాందేముంది. నాకు వాడు కావాలి" అన్నారు.

ఫిబ్రవరి 15, శనివారం

సెట్టింగ్స్ తెరిచాను. వెల్కమ్ అని టైప్ చేశాను. చూశాను. కొట్టేశాను.

మళ్లీ టైప్ చేశాను. మళ్లీ కొట్టేశాను. దివాకర్ చెబితే తిట్టగలిగాను, డాక్టరుగారు చెబితే ఏడుపొచ్చింది. ఏడిస్తే ఏడిచాను, ఎవరు చూడొచ్చారు.

హార్బర్‌కి అప్పీల్ పంపాను. క్షమాపణ కాదు, అప్పీల్. మీ ఫిల్టర్‌తో నాకు పని లేదు, ఒక్క మనిషిని చూపించండి, మాట్లాడతాను అని రాశాను.

ఫిబ్రవరి 18, మంగళవారం

మనిషి దొరికాడు. హార్బర్ మోడరేటర్, పేరు ఈషాన్ చెరుకుపల్లి. ఇంటిపేరు చూసి కళ్లు నులుముకున్నాను. మనవాడు! మనవాడే మన ఇంటికి తాళం వేశాడు!

సాయంత్రం వీడియో కాల్. షికాగో దగ్గర నేపర్‌విల్‌లో పుట్టి పెరిగాడట, ఏదో కంపెనీలో ఉద్యోగం, ఈ మోడరేటింగ్ ఖాళీ టైములో ఊరికే చేస్తాడు.

"హాయ్ ఆంటీ. ఐ యామ్ సారీ, బట్ అది చాలా బ్యాడ్ వర్డ్ కదా? స్కూల్ బస్‌లో హిందీ కిడ్స్ అనేవాళ్లు."

"మీ ఇంట్లో తెలుగు మాట్లాడరా నాన్నా?"

"మాట్లాడతారు. అమ్మ ఓన్లీ తెలుగు."

"అన్నానికి ఏమని పిలుస్తుంది?"

"రా. తిందువు రా. లేట్ అయితే, రారా వెధవా."

"నాన్నని?"

"సేమ్. రా శ్రీనూ అంటుంది. దే వర్ క్లాస్‌మేట్స్."

"మరి ఇంటికి పెద్దవాళ్లు ఎవరైనా వస్తే?"

కుర్రాడు ఆలోచించాడు. "హాయ్ హాయ్, కమిన్ కమిన్, అంటారు."

అదీ సంగతి. ఇరవై ఆరేళ్లొచ్చాయి, వాడు ఆ మాట ఒక్కసారి కూడా విననే లేదు. ఎలా వింటాడు? వాడు ఇంటికి చిన్నవాడు, వాడినెవరూ రండి అనరు. పెద్దవాళ్లొస్తే ఇంగ్లీషులో పిలుస్తారు. బూతేమో బస్సులో నేర్చుకున్నాడు, మర్యాద ఇంట్లో దొరకలేదు.

"రా అంటుందే మీ అమ్మ, దానికే అండీ చేరిస్తే రండి. ప్లీజ్ కమ్ అన్నమాట. గౌరవం" అన్నాను.

"వెయిట్. సో యూ వర్ జస్ట్ బీయింగ్ పొలైట్? టు ఫోర్ థౌజండ్ పీపుల్?"

"మరేమనుకున్నావు!"

తల పట్టుకున్నాడు. రోజూ వందల కంప్లయింట్లు వస్తాయట, ఒక్కోదానికి కొన్ని సెకన్లు కూడా దొరకవట, టీమ్ టీమ్ అని దివాకర్ అన్నది ఇలాంటి ముగ్గురు పిల్లల్ని. బాగా తిడదామని కూర్చున్నాను. వాడి కళ్లు చూస్తే నిద్ర లేదు. అయినా కొంచెం తిట్టాను.

కాల్‌లో ఉండగానే బ్లాక్ తీసేశాడు. అరగంటలో సూర్యప్రకాశ్ గారి పోస్టులన్నీ ఒకేసారి కుప్పగా వచ్చిపడ్డాయి. రోజూ రాశారాయన. మొదటిది అల్లం గురించి. చివరిది, "లక్ష్మీకాంతం, బతికే ఉన్నావా?"

ఫిబ్రవరి 20, గురువారం

గెలిచాం అని రాద్దామనుకున్నాను. హార్బర్ తీసేసింది కానీ, హార్బర్‌ని చూసి కాపీ కొట్టినవాళ్లు తీయలేదు. నువ్వు చెప్పు వాళ్లకి అన్నాను ఈషాన్‌తో.

"నేను చెప్తే వినరు ఆంటీ. లిస్ట్ వాళ్లు తీసుకున్నారు, ఇట్స్ దెయిర్స్ నౌ. దేర్ ఈజ్ నో బాస్."

బాస్ ఉండకూడదనే కదా ఇక్కడికొచ్చాం. పైన ఎవడూ లేడని నాలుగేళ్లు మురిసిపోయాను. ఫిర్యాదు చేయడానికి కూడా ఎవడూ లేడని ఇప్పుడు తెలిసింది.

కూర్చుని ఒక్కొక్కరికీ రాస్తున్నాను. ఒకాయన జవాబిచ్చాడు: ప్రతి భాషా చూసేంత టైము మాకు లేదు. ఆయనకి తెలుగులో జవాబిచ్చాను. టైము దొరికినప్పుడు చదువుకోమని.

ఫిబ్రవరి 22, శనివారం

ఈషాన్ హార్బర్‌లో పెద్ద పోస్టు పెట్టాడు. నేనే తప్పు చేశాను, ఈ మాటకి అర్థం ఇదీ, కాపీ కొట్టినవాళ్లందరూ దయచేసి బ్లాక్ తీసేయండి అని. రండి అని ఇంగ్లీషు అక్షరాల్లో ఏడెనిమిది సార్లు రాశాడు పిచ్చి సన్నాసి. వాళ్ల ఫిల్టర్ ఊరుకుంటుందా? వాడి అకౌంటే సస్పెండ్ అయింది! తోటి మోడరేటర్ తిరిగి ఇస్తానన్నాడట, ఆ పోస్టు డిలీట్ చేస్తేనే.

"చేసెయ్ నాన్నా, పని అయిపోయిందిగా" అన్నాను ఫోన్‌లో. నేనేనా ఆ మాట అన్నది!

"నో ఆంటీ. అది తిట్టు కాదు కదా. ఎందుకు చెయ్యాలి? నేను చెయ్యను."

శభాష్ రా అన్నాను.

"నేను మీ దగ్గరికి వద్దామని చూస్తున్నా, కానీ అవ్వట్లేదు. మీ పేజీలో పైన రండి అని ఉంది, కింద రెజిస్ట్రేషన్స్ క్లోజ్డ్ అని ఉంది. ఈజ్ దట్ ఎ బగ్?"

సెట్టింగ్స్ తెరిచి చూశాను.

బగ్ కాదు. నేనే.

ఫిబ్రవరి 23, ఆదివారం

తాత్కాలికమే అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. డిస్క్ నిండిందా లేదా? నిండింది. మరి తప్పేముంది? ఏమీ లేదు.

ఊరూరా తిరిగి నా మాట బూతు కాదని వాదించాను. గడియ పెట్టుకుని లోపలినుంచి రండి రండి అంటే అది బూతు కంటే నయమా?

మధ్యాహ్నం మృదులకి ఫోన్ చేశాను. "పాస్‌వర్డ్ రాసుకో" అన్నాను. అది ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అడిగి ఉంటే మనసు మార్చుకునేదాన్నేమో. కమ్మింగ్, అట్లాంటా వైపు వాళ్లందరినీ తనింటికి తీసుకెళుతుంది. అందరినీ ఒక్క కొంపలో కుక్కడం కంటే పది కొంపలు నయం. ఈ వీధిని కట్టిందే అందుకు. నాలుగేళ్లుగా అందరికీ ఇదే చెబుతున్నాను, నేను తప్ప అందరూ విన్నట్టున్నారు.

ఇది ఓడిపోవడం కాదు. ఎవరైనా అలా అంటే ఊరుకోను.

ఫిబ్రవరి 26, బుధవారం

అట్లాంటా వాళ్లు ఇవాళ మారారు. నా డేటాబేస్ లోంచి వాళ్ల పేర్లు కదిలిపోతుంటే చూస్తూ కూర్చున్నాను. పొమ్మని ఎవరినీ అనం కదా మనం, వెళ్లి రండి అంటాం. అదే రాశాను అందరికీ, రెండు రకాల అక్షరాల్లోనూ. ఫిల్టర్లు ఏం చేసుకుంటాయో చేసుకోనీ.

దివాకర్ హార్బర్‌కి పోవడం మానేశాడు. మోడరేటర్‌కే దిక్కు లేని చోట మనకేం దిక్కు అని రెడ్‌మండ్‌లో సొంత సర్వర్ పెట్టుకున్నాడు. చూద్దామని వెళ్లాను. గుమ్మం మీద ఏముందీ? వెల్కమ్!

కడుపు మండింది. అయినా ఆయన ఇల్లు, ఆయన తలుపు. బ్లాక్ మాత్రం చెయ్యను.

ఫిబ్రవరి 28, శుక్రవారం

తలుపు తీశాను. ఈషాన్ ఒక్కడికే కాదు, అందరికీ.

ఆటోమేటిక్ పలకరింపు ఆపేశాను. వేల మందికి ఒకేసారి మెషీన్ పిలిస్తే అది పిలుపు కాదు, గోల. ఇకమీద మనిషే మనిషిని పిలవాలి. ఆ పని నాకివ్వమ్మా అన్నారు డాక్టరుగారు. "మాట తీసెయ్యమన్నారుగా" అని దెప్పాను. "అన్నాను. వాడు దొరికాడుగా, ఇప్పుడు నీ మాటకి వచ్చిన ఢోకా ఏముంది?" అన్నారు. ఈయనతో వాదించి సూర్యప్రకాశ్ గారు ఎలా బతుకుతున్నారో.

ఇంకా పాతిక ఇళ్ల దాకా మమ్మల్ని బ్లాక్ చేసే ఉన్నాయి. రోజుకి రెండు ఉత్తరాలు రాస్తాను. వాళ్లకి విసుగు పుట్టాలి తప్ప నాకు పుట్టదు.

ఇవాళ మొదట చేరింది ఈషాన్. డాక్టరుగారు ఒక్కో అక్షరం వెతుక్కుని టైప్ చేశారు: రండి ఈషాన్ గారూ.

వాడు వెంటనే నాకు ఫోన్ చేశాడు. "ఆంటీ, గారు అంటే నేనేనా? రండి అన్నారు. రిప్లై ఏం చెప్పాలి?"

"ఏమీ చెప్పక్కర్లేదు నాన్నా," అన్నాను. "వచ్చి కూర్చోవడమే."